కాలు మోపలేని పెట్ట: కట్టు కట్టే ముందు చూడవలసినవి

అమ్మా, మీరు అడిగినది ముందు ఒకసారి చెప్పుకుంటాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావారికి కూడా అర్థమవుతుంది. మీది తాడిపత్రి పక్కన పల్లె. సంతలో కొన్న నాటు పెట్ట, ఏడాదిన్నర వయసు. కొత్త చోటు కాబట్టి పారిపోకుండా కుడి కాలికి నైలాన్ తాడు వేసి గుంజకు కట్టారు. కుక్క మీదికి వస్తే బెదిరి ఎగిరింది, తాడు లాగేసింది. మూడు రోజులుగా ఆ కాలు కింద మోపడం లేదు, మడమ దగ్గర వాపు ఉంది, గుడ్డు మానేసింది. ఇంట్లో పెద్దలు కోసేద్దామంటున్నారు, మీకు మనసు రావడం లేదు. నల్లేరు నూరి కట్టు కట్టవచ్చా, మనుషులు వేసుకునే నొప్పి మాత్ర వేయవచ్చా అని అడిగారు.

మాత్ర అసలే వద్దు. కట్టు ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఈ పెట్ట బతికి మళ్లీ నడిచే అవకాశం బాగానే ఉంది, కోసేయడానికి తొందరపడకండి.

పశువైద్యశాలలో పనిచేసిన రోజుల్లోనూ, ఇప్పుడు ఇంటి దగ్గర కోళ్లు పెంచుకుంటున్నప్పుడూ నేను చూస్తున్నది ఒకటే. కాలు దెబ్బతిన్న కోడి ఆ దెబ్బ వల్లనే చనిపోవడం తక్కువ. నీటి గిన్నె దాకా వెళ్లలేక చనిపోతుంది. ఎండలోంచి నీడకు జరగలేక పోతుంది. తోటి కోళ్లు పొడుస్తుంటే తప్పించుకోలేక పోతుంది. ఇవేవీ కాకపోతే మనం ప్రేమతో బిగించిన కట్టు వల్ల పోతుంది. కోడి ఎముక తొందరగా అతుక్కునే ఎముక. సరిగ్గా కదలకుండా ఉంచితే మూడు వారాల్లో గట్టిపడుతుంది. ఆ మూడు వారాలు దాన్ని బతికించుకోవడమే మన పని.

అందుకే కాలు పట్టుకోవడానికి ముందు, ఈ పూటే, దాన్ని నీడలోకి చేర్చి తల వంచితే ముక్కుకు అందే చోట నీళ్లు పెట్టండి. కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఆపైన పెరిగే వేడిని నోరు తెరిచి రొప్పుతూ, ఒంట్లోని తేమను ఆవిరి చేసి వదిలించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన అనంతపురం ఎండలో ఆ తేమ ఎంత ఖర్చవుతుందో ఆలోచించండి. మామూలు రోజుల్లోనే తిన్న మేత బరువుకు దాదాపు రెట్టింపు నీళ్లు తాగే జీవి అది. వెడల్పాటి మట్టి మూకుడు మంచిది, ఒరిగినా దొర్లదు. తేలికపాటి ప్లాస్టిక్ డబ్బా అయితే ఒంటికాలి మీద తూలినప్పుడల్లా పడేస్తుంది, మీరు పొలం నుంచి వచ్చేదాకా ఎండిన డబ్బా ముందే కూర్చుంటుంది. మొదటి రోజు ఒక పూట ఓ.ఆర్.ఎస్. పొడి కలిపిన నీళ్లు ఇవ్వవచ్చు, పక్కన మామూలు నీళ్లు కూడా ఉండాలి. తాగకపోతే ముక్కు కొనను నీళ్లలో తాకించి చూపండి, లేదా ముక్కు అంచున ఒక్కో చుక్క వదలండి, తనే మింగుతుంది. నోరు తెరిచి నీళ్లు పోయకండి. కోడికి గాలిగొట్టం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది. అందులోకి నీళ్లు దిగితే ఇక కాలి గురించి ఆలోచించే అవసరమే ఉండదు.

ఉంచే చోటుకు కోళ్ల గంపను మించినది లేదు. గంప కింద ఎగరలేదు, ఎక్కువ నడవలేదు, గాలి ఆడుతుంది. తోటి కోళ్లకు అది కనిపిస్తుంది గాని పొడవడానికి అందదు. ఈ కనిపించడం చిన్న విషయం కాదు. కోళ్ల మందలో ఎవరి తర్వాత ఎవరు అనే వరస ఉంటుంది. పూర్తిగా కళ్లకు కనబడకుండా రెండు మూడు వారాలు గదిలో దాచి తెస్తే మిగతావి దాన్ని కొత్త కోడిగా లెక్కగట్టి తరుముతాయి. అప్పుడప్పుడే మానిన కాలు ఆ తరుముడులో మళ్లీ దెబ్బతింటుంది. కాబట్టి పగలు వసారాలో గంప కింద, మంద కళ్లముందే ఉంచండి. రాత్రి మాత్రం ఇంట్లోకి తెచ్చుకోండి. పిల్లి, ముంగిస, కుక్క గంపను దొర్లించగలవు. రక్తం కారుతున్న గాయం ఉంటే ఒక్క క్షణం కూడా మందలో వదలకండి. ఎర్రగా కనిపించిన చోటల్లా కోళ్లు పొడుస్తాయి.

మీ వైపు ఇళ్లలో వాకిలంతా నాపరాయి బండలే పరుస్తారు. వాటి మీద గంప నేరుగా బోర్లించకండి. మంచి కాలు ఒక్కదాని మీదే బరువంతా మోపుతున్న కోడికి నున్నటి గట్టి బండ పట్టు దొరకనివ్వదు, జారితే రెండో కాలు కూడా పోతుంది. పైగా ఎక్కువసేపు కూర్చునే కోడికి రొమ్ము ఎముక దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. కింద గోనెసంచి వేసి, దాని మీద నాలుగు వేళ్ల మందాన వేరుశనగ పొట్టు గాని వరి ఊక గాని పరచండి. పొట్టు ఎండినదై ఉండాలి. బూజు వాసన వస్తే పారేయండి, ఆ బూజు కోడి ఊపిరితిత్తులకు పడుతుంది. రెట్టతో తడిసిన చోట రోజూ తీసి కొత్తది వేయాలి. వెనక ఈకలకు రెట్ట అంటుకుంటే గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. కుంటి కోడికి ఇది చాలా తరచుగా జరిగే ప్రమాదం.

ఇప్పుడు కాలు చూద్దాం. చీకటి పడ్డాక చూడండి, మసక వెలుతురులో కోడి తడబడకుండా పట్టుబడుతుంది. రెక్కలు ఒంటికి ఆనించి పాత తువ్వాలు చుట్టి ఒడిలో పెట్టుకోండి, తలమీద పలుచటి గుడ్డ కప్పితే నెమ్మదిస్తుంది. రొమ్ము మాత్రం నొక్కకండి. మనకు ఊపిరితిత్తుల కింద ఉన్నట్టుగా కదిలే పొర కోడికి లేదు. రొమ్ము ఎముక పైకీ కిందికీ ఆడితేనే దానికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా అదిమి పట్టుకుంటే చేతుల్లోనే ప్రాణం పోవచ్చు. మరొకరు టార్చి పట్టుకుంటే మీకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ముందు మంచి కాలు చూడండి. అది ఎంత వెచ్చగా ఉంది, ఎటు తిరిగి ఉంది, వేళ్లు ఎలా ముడుస్తోంది అన్నది తెలిస్తేనే దెబ్బతిన్న కాలిలో తేడా తెలుస్తుంది. తర్వాత దెబ్బ కాలిని వేళ్ల నుంచి మొదలుపెట్టి పైకి పోండి. పాదం అడుగున మెత్తటి దిండు లాంటి భాగాన్ని తుడిచి చూడండి. మన నేలల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కడ చూసినా ఉంటాయి. ముల్లు మొన విరిగి లోపల ఉండిపోతే పైకి చిన్న చుక్క తప్ప ఏమీ కనబడదు. కుంటుతున్న నాటు కోళ్లలో చాలావాటికి ఇదే కారణం. ఆ చుక్క నల్లటి పెచ్చుగా మారి, చుట్టూ వేడిగా ఉబ్బితే లోపల చీము గట్టిపడిందని అర్థం. కోడి చీము మనలా కారదు, జున్నుముక్కలా గడ్డ కడుతుంది. నొక్కితే బయటికి రాదు, ఇంకా లోపలికి పోతుంది. దాన్ని పశువైద్యుడు కోసి తీయాలి.

తర్వాత తాడు కట్టిన చోటు. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా చూడాలి. నైలాన్ పోగు ఒక్కటి తెగి మిగిలిపోయినా, చర్మం వాచి దాన్ని కప్పేస్తుంది. పైకి పొలుసుల మధ్య సన్నటి గీత మాత్రమే కనిపిస్తుంది, ఆ గీత కిందా పైనా వాపు ఉంటుంది. గోటితో మెల్లగా తడిమితే పోగు తగులుతుంది. చిన్న కత్తెర మొనను చర్మానికి సమాంతరంగా పోనిచ్చి తెంచండి. అది తీయకుండా ఎన్ని మందులు రాసినా ఆ కిందిభాగం ఎండిపోతుంది.

వేళ్లు వెచ్చగా ఉన్నాయా? మీ చేతి వెనకభాగం ఆనించి రెండు పాదాలనూ పోల్చండి. ఒక వేలి కొనను మెల్లగా గిల్లితే వెనక్కి లాక్కుంటోందా? లాక్కుంటే నరాలు పనిచేస్తున్నట్టే, ఇది చాలా మంచి గుర్తు. కాలిని పొట్ట వైపు నెమ్మదిగా మడిచి చూడండి. మంచి కాలైతే మడవగానే వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. కొమ్మ మీద కూర్చున్న కోడి నిద్రలో కూడా పడిపోకుండా ఉండేది ఆ అమరిక వల్లే. వేళ్లు ముడుచుకోకపోతే స్నాయువు, అంటే కండను ఎముకకు కలిపే తాడులాంటి పోగు, తెగడమో జారడమో జరిగి ఉంటుంది.

రంగు విషయంలో ఒక భయం పోగొట్టాలి. కోడి చర్మం కింద కమిలిన రక్తం రెండు మూడు రోజులకు ఆకుపచ్చగా మారుతుంది. మీ పెట్టకు ఇప్పుడు మడమ పైన పచ్చగా కనిపించే ఉంటుంది. కుళ్లిపోయిందని కంగారుపడి కోసేసినవాళ్లను చూశాను. అది మానుతున్న దెబ్బ, అంతే. భయపడవలసినది నలుపు రంగు, చల్లదనం, దుర్వాసన, ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు.

ఇక మడమ. కోడి మోకాలు ఈకల కింద పొట్టకు ఆనుకుని ఉంటుంది, మనకు కనబడదు. వెనక్కి వంగినట్టు కనిపించే కీలు నిజానికి మడమ. మీరు వాపు ఉందన్నది అక్కడే. ఆ కీలు వెనకవైపు ఒక గాడి ఉంటుంది, పిక్క నుంచి వచ్చే లావుపాటి స్నాయువు ఆ గాడిలో నడుస్తుంది. మంచి కాలి మడమ వెనక వేలితో రాసి చూడండి, బిగువైన తాడులా నడిమధ్యలో తగులుతుంది. దెబ్బ కాలికి కూడా మధ్యలోనే తగిలితే అది ఒట్టి బెణుకు. ఒక పక్కకు జరిగి తగిలితే, కాలు చాచడానికి రాకపోతే, స్నాయువు గాడి తప్పింది. ఆ రోజే అయితే కాలు చాచి మెల్లగా గాడిలోకి నెట్టడానికి వీలుంటుంది. మూడు రోజుల వాపు మీద మీరు ప్రయత్నించకండి, వైద్యుడి చేత చేయించండి.

ఎముక విరిగితే గుర్తులు వేరుగా ఉంటాయి. కాలు విరిగిన చోటి నుంచి వేలాడుతుంది, వేళ్లు పక్కకో వెనక్కో తిరుగుతాయి, కదిపితే లోపల కరకరమని వేలికి తెలుస్తుంది. ఒకసారి తెలిశాక మళ్లీ మళ్లీ కదిపి చూడకండి, విరిగిన మొనలు లోపలి రక్తనాళాలను కోస్తాయి. మీరు వాపు అన్నారే గాని వేలాడుతోంది అనలేదు. కాబట్టి బెణుకనే నా అంచనా, స్నాయువు జారిందేమో అన్నది రెండో అనుమానం.

బెణుకే అయితే చేయవలసినది తక్కువ. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు కుండనీళ్లలో ముంచిన గుడ్డను పది నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు వేస్తే వాపు తగ్గేది. మీకు మూడు రోజులు దాటాయి కనుక ఇప్పుడు గోరువెచ్చని నీళ్ల గుడ్డ వేయండి. నూనెతో మర్దన చేయకండి, కాలు లాగకండి. గంప కింద వారం పది రోజులు ఉంచితే మెల్లగా మోపడం మొదలుపెడుతుంది. మోపింది కదా అని వెంటనే వదిలేయవద్దు, ఇంకొక వారం ఆగండి.

తాడు కోసిన గాయం ఉంటే, అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు వేసి ఆ నీళ్లతో ధారగా కడగండి. తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను పది వంతుల నీళ్లలో కలిపి అద్దండి. పైపై గాయానికి పసుపు అద్దినా తప్పు లేదు, కానీ లోతైన రంధ్రంలో కూరకండి. ఈగలు వాలకుండా గాయం చుట్టూ వేపనూనె రాయవచ్చు. కిరోసిన్, బండి ఇంజను నూనె, సున్నం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. కుక్క పళ్లు దిగాయేమో తొడ మీద, వీపు మీద ఈకలు ఎత్తి తప్పకుండా చూడండి. పైకి చిన్న రంధ్రమే కనిపిస్తుంది గాని లోపల చీము పడుతుంది. కుక్క కాటు అయితే ఇంటి వైద్యంతో ఆగకండి.

ఇప్పుడు నల్లేరు, కట్టు. మన సీమలో ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తుకు రావడం సహజం. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు మనుషులకు ఎందరికో మేలు చేసింది. దాన్నే కోడికి వేయాలనుకోవడంలోనే చిక్కంతా ఉంది. మన కాలికి ఎముక చుట్టూ కండ ఉంటుంది, కట్టు కాస్త బిగిసినా అది ఓర్చుకుంటుంది. కోడికి మడమ కింద పొలుసుల కాలిలో చర్మం, ఎముక, స్నాయువులు, సన్నటి రక్తనాళాలు తప్ప మరేమీ లేవు. తెల్లసొనలో తడిపిన గుడ్డ ఆరేకొద్దీ బిగుస్తుంది, లోపల వాపు పెరిగేకొద్దీ ఇంకా బిగుస్తుంది. పైన కట్టు చక్కగానే కనిపిస్తుంది, కింద వేళ్లు నల్లబడి ఎండిపోతాయి. నల్లేరు పచ్చి రసం చర్మానికి దురద పెడుతుంది, అందులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. గాయం మీద పెడితే కోడి ఆ మంటకు కట్టునంతా పీకేస్తుంది. మడమ వాపుకు కట్టు అవసరమే లేదు.

కట్టు అవసరమయ్యేది పొలుసుల కాలు మధ్యలో విరిగి, చర్మం చిట్లకుండా ఉన్నప్పుడు. వైద్యుడు అందేలోగా మీరే వేయవలసి వస్తే, ఇంట్లో దొరికే వాటిలో ఎండు జొన్నదంటు చాలా బాగా పనిచేస్తుంది. మీ చూపుడు వేలంత పొడవు కణుపు లేని ముక్క తీసుకుని నిలువునా చీల్చండి. లోపలి బెండు గోకేస్తే కాలికి సరిగ్గా అమరే రెండు దోనెలు వస్తాయి, బరువు ఉండదు. అంచులు బ్లేడులా కోస్తాయి, బండ మీద రుద్ది నున్నగా చేయండి. కాలికి ముందు పలుచగా దూది చుట్టండి, మడమ కింద, వేళ్ల పైన కొంచెం మందంగా. మంచి కాలిని చూస్తూ వేళ్లు ముందుకు ఉండేలా మెల్లగా సరిచేసి, రెండు దోనెలూ రెండు పక్కలా ఆనించి, మందుల షాపులో దొరికే గుడ్డ టేపును చుట్టండి. టేపు లాగి చుట్టవద్దు, ఆనించి చుట్టాలి. వేళ్లన్నీ బయటే ఉండాలి. రెండు గంటల తర్వాత వేళ్లు తాకి చూడండి, తర్వాత రోజూ పొద్దున, సాయంత్రం. చల్లబడినా, ఉబ్బినా, కోడి అదేపనిగా టేపును పొడుస్తున్నా వెంటనే విప్పి వదులుగా వేయండి. పెద్ద పెట్టకు మూడు వారాలు, ఎదిగే పిల్లకు రెండు వారాలు చాలు.

మడమ పైన, అంటే పిక్క ఎముక గాని తొడ ఎముక గాని విరిగితే ఈ కట్టు పనికిరాదు. విరిగిన ఎముకకు పైనా కిందా ఉన్న రెండు కీళ్లూ కదలకుండా ఆపితేనే కట్టు కట్టు అవుతుంది. పైకీలు పొట్టకు ఆనుకుని ఉన్నప్పుడు ఇంట్లో అది సాధ్యం కాదు. సగం కట్టు ఎముక మీద బరువుగా వేలాడి ఇంకా విరుస్తుంది. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. అది కుదరనప్పుడు ఏ కట్టూ లేకుండా ఇరుకు గంపలో ఉంచడమే నయం. తొడ ఎముక చుట్టూ ఉన్న కండే దాన్ని కొంతవరకు పట్టి ఉంచుతుంది. కాలు కాస్త వంకరగా అతుక్కున్నా నాటు పెట్ట దానితో హాయిగా తిరుగుతుంది.

నొప్పి మాత్ర గురించి. డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే పశువులకు దాని వాడకాన్ని 2006లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. మన ఇళ్లలో ఒళ్లునొప్పులకు వేసుకునే చాలా మాత్రల్లో అదే ఉంటుంది, పేరు వేరుగా ఉంటుంది. అర మాత్ర, పావు మాత్ర అన్న లెక్కలు వద్దు. కిలోన్నర కోడికి మన పావు మాత్ర కూడా ఎక్కువే. నొప్పి బాగా ఉంటే పశువైద్యుడు మెలాక్సికామ్ బరువును బట్టి ఇస్తారు, పక్షులకు అది నయమైన మందు. షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ పొడి విరిగిన ఎముకను అతికించదు, బెణుకును తగ్గించదు. గాయం చీము పట్టినప్పుడే దానితో పని. ఏ మందు వాడినా గుడ్లు, మాంసం ఎన్నాళ్లు తినకూడదో ఇచ్చినవారిని అడిగి రాసి పెట్టుకోండి.

గుడ్డు మానేసిందని బాధపడ్డారు. నేనైతే సంతోషిస్తాను. ఒక గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది, అప్పుడు మేత ఉండదు. ఆ లోటును పెట్ట తన ఎముకల నుంచే తీసుకుంటుంది. అందుకోసమే గుడ్డు పెట్టే కాలంలో దాని కాలి ఎముకల లోపల ప్రత్యేకంగా ఒక నిల్వ ఏర్పడుతుంది. దెబ్బ తగలగానే గుడ్డు ఆపడమంటే ఆ కాల్షియాన్ని కాలికే ఉంచుకోవడం. మీరు సాయం చేయాలంటే కోడిగుడ్డు పెంకులను పెనం మీద వేయించి నలిపి, మేతలో కలపకుండా విడిగా చిన్న చిప్పలో సాయంత్రం పూట పెట్టండి, కావలసినంత తనే తింటుంది. పొద్దుటి ఎండ అరగంట తగలనివ్వండి. జొన్నలు, సజ్జలతో పాటు ఉప్పు వేయని రాగి సంగటి చిన్న ముద్దలు, ఉడికించిన గుడ్డు కొంచెం, పుట్ట దగ్గర దొరికితే చెదలు పెట్టండి. బూజు పట్టిన వేరుశనగ గాని వేరుశనగ చెక్క గాని దగ్గరికి రానీయకండి, కాలేయం పాడవుతుంది. గంప కింద ఉన్న కోడి నేల గీరి రాళ్లు ఏరుకోలేదు. పళ్లు లేని జీవికి గింజ నలగాలంటే గులకరాయి కావాలి. కాబట్టి పిడికెడు ముతక ఇసుక కూడా వేయండి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి.

తింటోందో లేదో తెలుసుకోవడానికి సాయంత్రం మెడ కింద మేత సంచి తడమండి. నిండుగా ఉండాలి, పొద్దునకు ఖాళీ కావాలి. రెట్ట పలుచగా, ముదురు ఆకుపచ్చగా, కొంచెం కొంచెంగా వస్తుంటే పొట్టలో ఏమీ లేదని అర్థం.

ఇంకొక మాట. కుక్క, తాడు మీ కళ్ల ముందే జరిగాయి కనుక దెబ్బే కారణమని నమ్ముతున్నాను. అయినా సంత కోడి కాబట్టి కన్నేసి ఉంచండి. రెండు కాళ్లూ పడిపోయినా, మెడ తిప్పుతున్నా, ఆకుపచ్చ విరేచనాలు, గురక ఉన్నా అది కొక్కెర తెగులు కావచ్చు. అప్పుడు మిగతా కోళ్లకు దూరంగా పెట్టి వెంటనే చెప్పాలి. దీనికి మందు లేదు, టీకాయే దారి: పిల్లకు మొదటి వారంలో లసోటా చుక్కలు, 8వ వారంలో ఆర్2బి సూది. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాచి పడుకుంటే మారెక్స్ వ్యాధి, ఇది ఎక్కువగా ఎదిగే వయసు కోళ్లకు వస్తుంది. మన రాతి గోడల సందుల్లో, గూడు చెక్కల పగుళ్లలో కోడి పిడుదులు పగలు దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. వాటి పిల్లలు రెక్కల కింద నల్లటి చుక్కల్లా అంటుకుని ఉంటాయి, వాటి విషంతోనూ కాళ్లు పడిపోతాయి. టార్చి చేతిలో ఉండగానే రెక్కలు ఎత్తి చూసేయండి.

వైద్యం కోసం ముందు మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడగండి. కదల్చలేని పరిస్థితి అయితే 1962కు ఫోను చేయండి, 2022లో మొదలైన సంచార పశువైద్య వాహనాల ఉచిత నంబరు అది. ఆపరేషను దాకా వస్తే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల మీకు అందుబాటులో ఉంది. ఒక్క కోడి కోసం వెళితే నవ్వుతారేమో అని సంకోచించకండి. తీసుకెళ్లేటప్పుడు కాళ్లు కట్టి తలకిందులుగా బండికి వేలాడదీయకండి, గడ్డి పరిచిన అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పెట్టి అందులో తీసుకెళ్లండి. సంత నుంచి అలా తలకిందులుగా వేలాడుతూ వచ్చిన కోళ్ల తొడ కీళ్లు ఎన్ని చెడిపోతాయో చెప్పలేను.

పెద్దల మాట కూడా తోసిపుచ్చను. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చి ఎండిపోయి ఉన్నా, పాదం నల్లబడి గిల్లినా కదలకపోయినా, నీళ్లు కూడా ముట్టకుండా మూలిగే స్థితిలో ఉన్నా, దాన్ని ఇంకా బాధపెట్టకుండా పంపించడమే దయ. ఆ నిర్ణయం వైద్యుడు చూశాక తీసుకోండి. చీము పట్టిన, మందులు వాడిన కోడిని మాత్రం వండుకోకండి. మీ పెట్ట ఆ స్థితిలో లేదు.

నయమయ్యాక మళ్లీ కాలికి తాడు కట్టవద్దు. కొత్త కోడిని వారం రోజులు గూటిలోనే ఉంచి, అక్కడే మేత, నీళ్లు పెడితే అదే తన ఇల్లని తెలుసుకుంటుంది. తర్వాత సాయంత్రం పొద్దు వాలడానికి గంట ముందు వదలండి, దూరం పోకుండానే చీకటి పడి గూటికి వస్తుంది. నిద్రపోయే కర్రను మోకాలి ఎత్తుకు దించండి, కింద బండ మీద పొట్టు పరచండి.

ఈ రాత్రికి మూడు సంగతులు చూసి చెప్పండి: వేళ్లు వెచ్చగా ఉన్నాయా, గిల్లితే లాక్కుంటోందా, మడమ వెనక స్నాయువు మధ్యలోనే తగులుతోందా. స్నాయువు పక్కకు జరిగి ఉంటే రేపు పొద్దున్నే బయలుదేరండి, ఆలస్యమయ్యేకొద్దీ దాన్ని గాడిలో పెట్టడం కష్టమవుతుంది.